కోడలు కట్టిన చక్రం

ఇమాం సాహెబ్ ఇంట్లో తెల్లవారిందంటే ముందుగా వినపడేది ఆయన భార్య చాంద్బీ జొన్నరొట్టె తట్టే చప్పుడు. ఆమె మనసు బాగున్న రోజున ఆ చప్పుడు పక్కింటి దాకా పోతుంది. బాగాలేని రోజున గిద్దలూరు రైల్వే స్టేషన్ దాకా పోతుందని బజారులో వాళ్ళు నవ్వుకుంటారు. ఆ రోజు పొద్దున స్టేషన్ కూడా దాటిపోయి ఉంటుంది.

కారణం కొడుకు సుభాని. రొట్టె తుంచి గోంగూర పచ్చడిలో అద్దుకుంటూ, సంతకు పోయివస్తానన్నంత తేలిగ్గా చెప్పాడు, బక్రీదు కాగానే మద్రాసు రైలెక్కుతానని. యుద్ధం పుణ్యమా అని అక్కడ మిలిటరీ లారీలు బాగుచేసే షెడ్డు పెట్టారట. చేతిపని తెలిసినవాళ్ళు ఎంతమంది వచ్చినా తీసుకుంటున్నారట.

“యుద్ధానికి పోతావారా?” చాంద్బీ చేతిలో పిండిముద్ద ఆగిపోయింది.

“యుద్ధానికి కాదమ్మా, షెడ్డుకు.”

“ఆ లారీలు యాడికి పోతాయి? పెండ్లికి పోతాయా?”

సుభాని ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు. పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తున్న అతని భార్య రహీమున్నీసా తల ఎత్తలేదు. ఆమె మార్కాపురం నుంచి కోడలిగా వచ్చి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో భర్త తనను అడగకుండా తీసుకున్న పెద్ద నిర్ణయం ఇదే. అడిగి తీసుకున్నది ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి.

“మరి దుకాణం?” అంది చాంద్బీ.

సుభాని గొంతు తగ్గించాడు. “దుకాణం యాడుందమ్మా ఇంక? పంక్చర్లు ఎవరైనా వేస్తారు. మన దుకాణం నిలబడింది నాయన కట్టే చక్రాల మీద. ఆ చక్రాలు ఇప్పుడు తాగినోని మాదిరి నడుస్తా ఉండాయి. మొన్న ఫారెస్టు గార్డు తెచ్చి పారేసిపోయినాడు. నిన్న తపాలాయన. నాయనకు కండ్లు కనపడటం లే. చెప్తే ఒప్పుకోడు.”

మాట సగంలో ఉండగానే పరదాకు అవతల నుంచి దగ్గు వినిపించింది. అందరూ రొట్టెల మీద దృష్టి పెట్టారు.

ఆ పరదా సంగతి చెప్పాలి. ముందు గది దుకాణం, వెనక ఇల్లు, మధ్యన ఒక పాత దుప్పటి. హనుమంతునిపాడు పక్క పల్లెలో దూది ఏకుకుంటూ బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో పరదా అనే మాటే లేదు. గిద్దలూరు బజారులో సైకిళ్ళ దుకాణం పెట్టుకున్నాక చాంద్బీ దుప్పటి వేలాడదీసింది. పెద్ద ఇళ్ళలో ఉంటుంది కాబట్టి మన ఇంట్లోనూ ఉండాలంది. ఆడవాళ్ళు దానికి ఇవతలే, బజారు దానికి అవతలే. ఆ హద్దు విషయంలో ఆమె కొత్తగా పెట్టుకున్నవాళ్ళకుండే పట్టుదలతో ఉండేది.

పరదాకు అవతల ఇమాం సాహెబ్ కూర్చునేవాడు. వెలుతురు వెనక నుంచి పడాలని వీధికి వీపు పెట్టి, ఇంటివైపు మొహం పెట్టి, ఒళ్ళో చక్రం పెట్టుకుని స్పోకులు అల్లేవాడు. గిద్దలూరు నోటికి అవి పోకులు. యుద్ధం వచ్చాక కొత్త చక్రాలు రావడం నిలిచిపోయింది. విరిగిన సైకిళ్ళ నుంచి రిమ్ము ఒకచోట, హబ్బు ఒకచోట, పోకులు ఇంకోచోట ఏరుకొచ్చి కొత్తగా అల్లాలి. అల్లడమైతే ఆయన చేతివేళ్ళు నిద్రలో కూడా చేస్తాయి. ఆ తర్వాత చక్రాన్ని తిప్పుతూ, అది ఎటు వంగి పోతోందో చూస్తూ, ఒక్కొక్క పోకూ బిగిస్తూ వదులుతూ సరిచేయాలి. బెండు తీయడమంటారు దాన్ని. అది కళ్ళ పని. ఆ కళ్ళలోనే తెల్లటి పొర కమ్ముకుంటోంది.

కొడుక్కి నేర్పకపోలేదు. సుభానికి ఓర్పు తప్ప అన్నీ ఉన్నాయి. పోకు బిగించమంటే తెగేదాకా బిగించేవాడు. కుర్రతనంలో ఒకసారి తండ్రి రెంచీతో కొడుకు వేళ్ళ మీద కొట్టాడు. ఆ రోజు నుంచి సుభాని చక్రం జోలికి పోలేదు, తండ్రి మళ్ళీ పిలవలేదు. ఇద్దరిదీ ఒకే పట్టుదల, అది రక్తంలో వచ్చింది.

రహీమున్నీసా ఆ పూట పాత్రలు తోముతూ ఒకటే ఆలోచించింది. చక్రాలు సరిగ్గా నడిస్తే దుకాణం ఉంటుంది. దుకాణం ఉంటే ఆయన పోడు.

ఆమెకు అంతకు ముందే ఒక సంగతి తెలుసు. పరదా సందులోంచి చూస్తే చాలు, మామ చేతిలో తిరిగే చక్రం ఎక్కడ వంకరపోతుందో ఆమెకు కనపడుతుంది. ఆమె తండ్రి మార్కాపురంలో పలకరాయి చీలుస్తాడు. చీల్చిన పలకను కంటి ఎత్తుకు పట్టుకుని, అంచు వెంబడి చూసి, వంపుంటే పక్కన పెట్టే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. వంకర చూస్తే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. కొందరికి బల్లిని చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా.

కట్టిన చక్రాన్ని ఒక పూట ఇంట్లో ఉంచి మర్నాడు ఇవ్వడం ఇమాం సాహెబ్ అలవాటు. పోకులు సర్దుకోవాలంటాడు. ఆ రోజు తపాలాయన చక్రాన్ని మళ్ళీ బిగించి, ఇంట్లో గోడకు ఆనించి, మధ్యాహ్నం నమాజుకు మసీదుకు పోయాడు. సుభాని రైలు వేళకు అద్దె సైకిళ్ళతో స్టేషన్ దగ్గరికి పోయాడు. చాంద్బీ అన్నం తిని కునుకు తీసింది.

రహీమున్నీసా చక్రాన్ని కట్టెల కొట్టంలోకి తీసుకుపోయింది. దుకాణంలో ఉన్నట్టే అక్కడా ఒక పాత సైకిల్ ముందు చక్రాన్ని పట్టే చీలిక కడ్డీ తలకిందులుగా పాతి ఉంది. చక్రాన్ని అందులో బిగించి తిప్పింది. బలపం ముక్కను రిమ్ము పక్కన కదలకుండా పట్టుకుంది. రిమ్ము ఎక్కడ వంగిందో అక్కడ బలపం గీత పడింది. అంతవరకు బాగానే ఉంది. గీత పడిన వైపు పోకును బిగించింది. వంకర తగ్గకపోగా పెరిగింది.

మామ చేసిన పనిని ఇంకా పాడుచేశాననుకుంది. పోకును వేలితో నొక్కి చూసింది. బిగించిన పోకు రిమ్మును తన వైపుకు లాక్కుంటుంది కదా! అయితే బిగించాల్సింది ఇటు కాదు, అవతలి పక్క. తిప్పినదాన్ని వెనక్కి తిప్పి, ఎదుటి పోకును కొంచెం బిగించింది. గీత పొడవు తగ్గింది. ఇంకొంచెం బిగించింది. బలపం ఇక తగలనే లేదు. నవ్వు వచ్చింది ఆమెకు, ఒంటరిగా కూర్చుని నవ్వింది. మసీదు నుంచి వస్తున్న మామ చెప్పుల చప్పుడు వినపడేసరికి చక్రం గోడ దగ్గర ఎప్పటిలాగే ఉంది.

మర్నాడు తపాలాయన చక్రం బిగించుకుని బజారు చివరిదాకా పోయివచ్చాడు. “సాయిబు గారూ, పాత చెయ్యి మళ్ళా వచ్చింది!” అని కేకేశాడు.

ఇమాం సాహెబ్ మొహం వెలిగిపోయింది. “విన్నావా సుభానీ? కండ్లు పోయినాయంటివే!”

ఎండాకాలం అంతా అట్లాగే సాగింది. చక్రాలు వచ్చాయి, సరిగ్గా పోయాయి. ఫారెస్టు గార్డు తిరిగొచ్చాడు, వెంట ఇంకొకర్ని తెచ్చాడు. సుభాని మద్రాసు ఊసెత్తడం తగ్గించాడు. బక్రీదు ఇంకా దూరంలో ఉంది. రాత్రి అన్నం దగ్గర ఇమాం సాహెబ్ తన చక్రాల గురించి తానే గొప్పలు చెప్పుకుంటుంటే రహీమున్నీసా తల దించుకుని వడ్డించేది. సంతోషంగానే ఉండేది. దొంగతనం చేసినట్టు కూడా ఉండేది.

వానలు మొదలవగానే ఇమాం సాహెబ్‌కు చలిజ్వరం పట్టుకుంది. నల్లమల పక్కన బతికేవాళ్ళకు అది ఏటా వచ్చే చుట్టమే గాని, ఈసారి మనిషిని మంచానికి అంటించింది. చాంద్బీ మంచం వదలకుండా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే విశ్వాసం అయ్యవారి సైకిల్ వెనక చక్రం వాగులో రాయికి కొట్టుకుని మడతపడింది. ఆయన రాచర్ల దగ్గర పల్లెలో మిషన్ బడి పంతులు. వారమంతా బడి చెప్పి, ఆదివారం చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన నడుపుతాడు. సైకిల్ లేకపోతే ఆయనకు కాళ్ళు లేనట్టే. మంచి రిమ్ము ఒకటి దొరికిందని తెచ్చి, శనివారానికి కావాలని చెప్పి పోయాడు.

“నాయన లేస్తే గదా కట్టేది. శనివారం ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పాల? లేదు పొమ్మని చెప్తా,” అన్నాడు సుభాని. “ఈ జ్వరం ఇంకొక మారు వచ్చిందంటే దుకాణానికి తాళమే. నేను పోయేది పోయేదే.”

ఆ మాట రహీమున్నీసా గుండెలో గుచ్చుకుంది. ఆమె బెండు తీయడం నేర్చుకుంది గాని, చక్రం మొదటి నుంచి అల్లింది లేదు. అయితే మామ అల్లుతుంటే పరదా సందులోంచి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. మొదటి పోకు ఎక్కడ పెడతాడో, దాన్ని ఎటు వాలుస్తాడో, రెండోదాన్ని దేని కింద నుంచి దూరుస్తాడో, అన్నీ కళ్ళ ముందు ఆడుతున్నాయి. కట్టెల కొట్టంలో కూర్చుని, కళ్ళు మూసుకుని మామ చేతుల్ని తలుచుకుంటూ, తెరిచి తన చేతులతో అల్లింది. మధ్యలో రెండుసార్లు విప్పింది. చివరికి చక్రం నిలబడింది. తిప్పితే బలపం ఎక్కడా తగల్లేదు.

“మామ జ్వరం రాకముందే కట్టిపెట్టినాడంట, కొట్టంలో ఉండింది,” అని భర్తకు చెప్పింది. పెండ్లయ్యాక ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం అది.

సుభాని టైరు ఎక్కించి గాలి కొడుతుంటే ఆమె పరదా వెనక నిలబడి చూసింది. అతను ఏదో తంటాలు పడుతున్నాడు. పంపు గొట్టాన్ని వంచి, మెలిపెట్టి, ఎట్లాగో గాలి ఎక్కించాడు. మొహం గంటుపెట్టుకున్నాడు. మంచంలో ఉన్న తండ్రి వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా సైకిల్ బయట పెట్టాడు. ఆ చూపు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అయ్యవారు శనివారం వచ్చి సైకిలెక్కి పోయాడు. దాంతో ఆమె ఊపిరి పీల్చుకుంది.

విశ్వాసం తిరిగి వచ్చేసరికి ఇమాం సాహెబ్ జ్వరం తగ్గి, దుప్పటి కప్పుకుని దుకాణంలో తన చోట కూర్చున్నాడు. అయ్యవారు సైకిల్ ఎక్కి రాలేదు, నెట్టుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది.

“కోపం చేసుకోవద్దు సాయిబు గారూ,” అన్నాడు మెల్లగా. “చక్రం నడక బంగారం. రవ్వంత కూడా ఊగదు. గాలి మాత్రం కొట్టుకునే దోవ లేదు. ట్యూబు మూతి కాడ పోకులు అడ్డం పడినాయి. పంపు దూరదు. గాలి దిగిపోతే రాచర్ల నుంచి నెట్టుకుంటా వచ్చినా.”

“ఏ చక్రం అయ్యవారూ?” అన్నాడు ఇమాం సాహెబ్.

తండ్రి ఆ మాట అనడంతో సుభాని ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపుకున్నదంతా బయటికి వచ్చింది.

“ఏ చక్రమంటే? నువ్వు కట్టిందే నాయనా! నేను గాలి కొట్టేటప్పుడే చూసినా. జ్వరంలో ఉండావని నోరు మూసుకున్నా. ట్యూబు మూతి కాడ పోకులు విడిగా రావాలని నిన్నగాక మొన్న రెంచీ పట్టినోనికి కూడా తెలుసు. నువ్వే గదా నాకు చెప్పింది! చెప్పినోనివి నువ్వే ఇట్ల కడితే ఏమనుకోవాల? కండ్లు పోయినాయని ఒప్పుకోవేంది? అయ్యవారి లాంటి మనిషి దావెంట నెట్టుకుంటా రావాల్నా?”

“సుభానీ, పోనీలే అబ్బాయ్...” అన్నాడు విశ్వాసం ఇబ్బందిగా.

ఇమాం సాహెబ్ చేతులు గాల్లో ఏదో వెతికాయి. “నేను కట్టినానా?” అన్నాడు. ఆ గొంతులో పొగరు లేదు. “ఎప్పుడు కట్టినా? జ్వరానికి ముందరా? గుర్తు రావడం లేదే... కట్టే ఉంటానులే. కండ్లతో పాటు మతి కూడా పోయిందేమో. తప్పయింది అయ్యవారూ.”

ఆయన చేతులు జోడించాడు. ఎవరికీ తల వంచని మనిషి, తాను చేయని తప్పుకు, తన దుకాణంలో చేతులు జోడించి కూర్చున్నాడు.

పరదా వెనక రహీమున్నీసా అదంతా చూసింది. నోరు మూసుకుంటే తను బయటపడదు. మామ మాత్రం తన మతిని తానే నమ్మలేని ముసలివాడిగా మిగిలిపోతాడు. ఆ ఆలోచన పూర్తయ్యేలోపే ఆమె పరదా పక్కకు తోసి దుకాణంలోకి వచ్చేసింది.

“మీరు కట్టలేదు మామా. ఆ చక్రం నేను కట్టినా.”

బజారు నిశ్శబ్దమైందని చెప్పను, బజారు ఎప్పుడూ నిశ్శబ్దం కాదు. ఆ గదిలో మాత్రం ఎవరూ కదల్లేదు. వెనక నుంచి చాంద్బీ “యా అల్లా” అంటూ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని లాగింది. రహీమున్నీసా కదల్లేదు.

ఇమాం సాహెబ్ చెయ్యి చాచాడు. “చక్రం ఇట్లా తెండి.”

విశ్వాసం సైకిల్ దగ్గరికి తెచ్చాడు. ముసలాయన వేళ్ళు ట్యూబు మూతి దగ్గర మొదలుపెట్టి, ఒక పోకు వెంబడి హబ్బు దాకా పోయి, ఇంకో పోకు వెంబడి తిరిగి వచ్చాయి. అట్లా చుట్టూ తడిమాయి. కనుబొమ్మలు ముడిపడి, తర్వాత విడివడ్డాయి.

“తప్పు కాదు ఇది,” అన్నాడు నెమ్మదిగా. “అంతా సరిగ్గానే ఉండాది, తిరగేసి ఉండాది. మొదటి పోకు నేను కుడికి వాలుస్తా. ఇది ఎడమకు వాలింది. నాకు ఎదురుగా కూర్చుని నా చేతులు చూసి నేర్చుకున్నోళ్ళు కట్టినారు దీన్ని.” తలెత్తి కోడలున్న వైపు చూశాడు. “ఇదొక్కటేనా అమ్మాయ్?”

అబద్ధం చెప్పొచ్చు, ఆయన నమ్ముతాడు కూడా.

“కట్టింది ఇదొక్కటే మామా. బెండు తీసింది... ఎండాకాలం నుంచి అన్నీ.”

ఇమాం సాహెబ్ చక్రం మీది నుంచి చెయ్యి తీసేశాడు. లేచి, గోడ పట్టుకుని ఇంట్లోకి పోయి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. విశ్వాసం సైకిల్‌ను దుకాణంలోనే వదిలి, రేపు వస్తానని చెప్పి, ఊళ్ళో తెలిసినవాళ్ళింటికి నడిచి పోయాడు.

ఆ తర్వాత చాంద్బీ ఆగలేదు. “ఎవరైనా విన్నారా ఇట్లాంటిది? పరాయి మొగోని ముందర తల మీద ముసుగైనా సరిగా లేకుండా వచ్చి నిలబడితివే! పోకులు పట్టే కోడలు యాడన్నా ఉందా? మీ అమ్మ ఇదేనా నేర్పింది? ఊరంతా నవ్వదా? ముసలాయన పరువు బజార్లో పెడితివి.”

“పరువు నేను పెట్టినా అత్తా?” రహీమున్నీసా ఏడుస్తూనే అడిగింది. “నేను పలకకుంటే పోయేది మామ పరువు గదా?”

సుభాని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతనికి కోపం వచ్చింది, కానీ అది ఎవరి మీదో తెలియడం లేదు. “నాకన్నా చెప్పొచ్చు గదా,” అన్నాడు. “నా కండ్ల ముందరే ఇంత నాటకమా? నాయన గొప్పలు చెప్పుకుంటుంటే నువ్వు లోపల నవ్వుకుంటివా?”

“ఒక్క దినం కూడా నవ్వలేదు.”

అప్పుడు మంచం మీది నుంచి ఇమాం సాహెబ్ గొంతు వినపడింది. గోడవైపు తిరిగే అడిగాడు. “ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే మీరు చక్రం ముట్టరని భయమేసింది మామా. మీరు ముట్టకుంటే దుకాణం ఉండదు. దుకాణం లేకుంటే ఈయన పోతాడు. ఆ యుద్ధం లారీల కాడికి పోతాడు.” ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఈయన పోకూడదని మొదలుపెట్టినా. తర్వాత తర్వాత ఆ పని మీద ఇష్టం పుట్టింది. చక్రం సరిగ్గా తిరుగుతుంటే నాకు మా ఇల్లు గుర్తొస్తాది. అది మాత్రం నా తప్పే.”

సుభాని ఆ మాటలకు గుమ్మంలోనే కూలబడ్డాడు. మద్రాసు మాట ఎన్ని పూటలు ఎత్తాడో, ఒక్క పూట కూడా ఆమె వద్దనలేదు. ఆమెకు పట్టలేదనే అనుకున్నాడు. నోటితో అనలేని మాటను ఆమె ఇన్నాళ్ళూ కట్టెల కొట్టంలో కూర్చుని చేతులతో అంటోందని ఇప్పుడు తెలిసింది. అతను లేచి పోయి తండ్రి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు.

“నాయనా, నిన్ను అనరాని మాటలన్నా. అయ్యవారి ముందర అన్నా.”

కొడుకు చెయ్యి తగిలితే ముసలాయన తీసేయలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం కుండ నిండుగానే మిగిలింది.

తెల్లవారాక రొట్టె చప్పుడు లేదు. చాంద్బీ పొయ్యి ముట్టించి ఊరికే కూర్చుంది. ఇమాం సాహెబ్ తనంతట తానే లేచి, దుకాణంలోకి పోయి, అయ్యవారి చక్రాన్ని సైకిల్ నుంచి తీయించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అమ్మాయ్, ఇట్లా రా.”

రహీమున్నీసా పరదా దగ్గరికి వచ్చి ఆగింది.

“దీన్ని విప్పు.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చక్రాన్ని ఇంట్లోకి తెచ్చుకుని, పరదా ఇవతల కూర్చుని, ఒక్కొక్క పోకు నట్టూ తిప్పి విప్పింది. తన చేతులతో కట్టినదాన్ని తన చేతులతోనే విప్పడం ఎంత కష్టమో కట్టినవాళ్ళకే తెలుసు. ఇంతటితో ఈ పని అయిపోయిందని, మామ దీన్ని ఇంక ఎన్నటికీ ముట్టనివ్వడని అనుకుంది. రిమ్ము, హబ్బు, పోకుల కట్ట పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టి వెనక్కి తిరిగింది.

“యాడికి పోతావు? మళ్ళా కట్టొద్దా?”

ఆమె తిరిగి వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చోబోయింది.

“ఎదురుగా వద్దు. ఎదురుగా కూర్చుంటే నా కుడి నీకు ఎడమైతాది. మళ్ళా అదే తప్పు చేస్తావు. ఇట్లా వచ్చి నా పక్కన కూర్చో. నా చెయ్యి ఎటు పోతే నీ చెయ్యి అటు పోవాల.”

పొయ్యి దగ్గర నుంచి చాంద్బీ ఒక్క ఉదుటున లేచి వచ్చింది. “ఏంది మీరు చెప్పేది? మామ పక్కన కోడలు కూర్చుంటాదా? అదీ బజారుకు కనపడేట్టు?”

ఇమాం సాహెబ్ కోప్పడలేదు. “చాంద్బీ, నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నీకు దూది ఏకడం వచ్చునా?”

చాంద్బీ పొయ్యి వైపు తిరిగింది.

“రాదు. దూది ఏకే విల్లు పట్టుకుంటే నారి తెగేది. నీకు నేర్పింది ఎవరు? మా నాయన. ఎట్ల నేర్పినాడు? పక్కన కూర్చోబెట్టుకుని, నీ చేతి మీద చెయ్యేసి నేర్పినాడు. అప్పుడు ఊరంతా చూసింది. ఎవరన్నా నవ్వినారా? సంతలో మన దూది మెత్తగా ఉంటాదని, ఇమాం పెండ్లాం చెయ్యి మంచిదని చెప్పుకున్నారు. ఆ మాట వింటే నీ మొహం ఎట్లుండేదో నాకింకా కనపడతా ఉంది. ఈ కండ్లకు కాదు, లోపల.”

చాంద్బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నేళ్ళయిందో ఆ ముసలి మామను తలుచుకుని! ‘బిడ్డా, తొందరపడొద్దు, నారి చెప్పేది వినుకో’ అనేవాడు. బజారుకు వచ్చి గౌరవం తెచ్చుకున్నామనుకుంది గాని, ఆ విల్లు వదిలేశాక మళ్ళీ ఎవరూ తన చెయ్యి మంచిదని అనలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆమెకు తట్టనే లేదు. ఇప్పుడు తట్టేసరికి ఏడుపు ఆగలేదు. లోపలికి పోయి, మూలన ఉన్న గోనెపట్టా తెచ్చి, భర్త పక్కన పరిచి, చేత్తో దుమ్ము దులిపింది.

“కూర్చోవే. నేల చల్లగా ఉండాది,” అంది. అంతకంటే ఎక్కువ చెబితే ఆమె చాంద్బీ కాదు.

రహీమున్నీసా కూర్చుంది. ఇమాం సాహెబ్ ట్యూబు మూతి చూపించి, పక్క రంధ్రంలో మొదటి పోకు పెట్టి కుడికి వాల్చాడు. ఆమె రెండోది పెట్టింది. సుభాని దుకాణం ముందు నిలబడి, వచ్చినవాళ్ళు నోరు తెరిచి చూస్తుంటే, “ఏంది చూస్తా ఉండారు? చక్రం కడతా ఉండారు. పంక్చరైతే ఇట్లా రండి,” అని అదిలించాడు. మధ్యలో ఒకసారి లోపలికి వచ్చి, భార్య చేతికి అందేటట్టు పోకులు వరసగా పేర్చాడు.

“మద్రాసుకు టిక్కెట్టు ఎప్పుడు తీస్తావురా?” అడిగాడు తండ్రి, తల ఎత్తకుండానే.

“తీసేదానికి తీరిక యాడుంది నాయనా? ఇంట్లో ఇద్దరు చక్రాలు కడితే టైర్లు ఎక్కించేది ఎవరు?”

ముసలాయన నవ్వు దాచుకున్నాడు గాని, కదిలిన గడ్డాన్ని దాచలేకపోయాడు.

అల్లడం అయ్యాక ఆయన పోకులను ఒక్కొక్కటీ వేలితో మీటుతూ చెవి ఒగ్గి విన్నాడు. “ఇది వదులు. ఇది గట్టి. దీన్ని అరతిప్పు తిప్పు,” అంటుంటే ఆమె తిప్పింది. అన్నీ ఒకే తీరుగా పలికాయి. ఆ తర్వాత చక్రాన్ని దుకాణంలోని కడ్డీలో బిగించి తిప్పి, ఆయన అలవాటు ప్రకారం దాని మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. చివరికి ఆయన తలెత్తాడు.

“నాకు కనపడదమ్మా,” అన్నాడు. “చానా దినాలుగా కనపడదు.”

ఆ మాట ఆయన నోటి వెంట రావడం ఇదే మొదలు. చాంద్బీ చప్పున మొహం పక్కకు తిప్పుకుంది. సుభాని నేల చూశాడు. ఇమాం సాహెబ్ రెంచీని తడిమి తీసి, కోడలి చేతిలో పెట్టాడు.

“నువ్వు చూసి చెప్పు. బెండు ఉండాదా?”

చక్రం తిరుగుతోంది. రహీమున్నీసా కంటి ఎత్తుకు వంగి అంచు వెంబడి చూసింది. ఒకచోట వంకర ఉంది. ఇన్నాళ్ళూ అయితే లేదని తలూపి, ఆయన నమాజుకు పోయేదాకా కాచుకుని, కొట్టంలో దొంగతనంగా సరిచేసేది.

“ఉంది మామా,” అంది ఆయన మొహంలోకి చూస్తూ. “మీ వైపు.”

“ఎంత?”

“గోరంత.”

“గోరంతైనా బెండు బెండే గదా. తియ్యి,” అన్నాడు ఇమాం సాహెబ్, చక్రాన్ని ఆమె కోసం మెల్లగా తిప్పుతూ.